పాత సాఫ్ట్‌వేరు, కొత్త కంప్యూటరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసినాక మన జిల్లాల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఒకటే గోల, కొత్త సిస్టం కొన్నాం, విండోస్ 11 వచ్చింది, పాత సాఫ్ట్‌వేరు నడవడం లేదు అని. అందుకే ఈ సంచికలో వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీనికి సంబంధించినవే తీసుకున్నా. మొదటి జవాబు పొడుగు, మిగతావాళ్ళకి కూడా అందులోది చాలా పనికొస్తుంది కాబట్టి అది చదివినాకే మీ మీ జవాబు చూసుకోండి.

ప్రశ్న: సార్ నమస్తే. మాది కర్నూలు వన్ టౌన్‌లో చిన్న ప్రెస్సు, పెండ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు వేస్తాం. మొదట్నుంచీ పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లే. పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టం మదర్‌బోర్డు పోయింది, హార్డ్‌డిస్క్ మాత్రం బాగుంది. కొత్తది విండోస్ 11తో కొన్నాం. పేజ్‌మేకర్ సీడీ పెడితే ఇన్‌స్టాల్ కావడం లేదు. సర్వీసు అబ్బాయి వచ్చి వర్చువల్ మెషిన్ వేసుకోండి అని చెప్పి పోయినాడు. అదేందో, ఎట్లా వేసుకోవాలో, ఎంత ఖర్చవుతుందో చెప్పండి. పాత పత్రికల ఫైళ్ళు చాలా ఉన్నాయి, అవి పోతే మాకు కష్టం.
ప్రెస్సు ఓనరు, కర్నూలు

జవాబు: అన్నా, అన్నిటికంటే ముందు ఆ హార్డ్‌డిస్క్ సంగతి. దాన్ని వేరే సిస్టంలో పెట్టి ఆన్ చేసి చూద్దాం, ఫార్మాట్ చేద్దాం, రిపేర్ చేద్దాం ఇట్లాంటివేవీ చెయ్యొద్దు. కంప్యూటర్ షాపుల్లో హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్ కేబుల్ దొరుకుతుంది, పాతది వెడల్పు పట్టీ కేబుల్ ఉండే ఐడీఈ డిస్కా, సన్న కేబుల్ ఉండే సాటా డిస్కా చూసి దానికి తగ్గది తెచ్చుకొని, మొత్తం డిస్కులో ఉన్నది ఉన్నట్టు కొత్త సిస్టంలోకి ఒక ఫోల్డర్లో, బయట ఇంకో డ్రైవులో, రెండు చోట్ల కాపీ చేసేయండి. మీ పేజ్‌మేకర్ ఫైళ్ళే కాదు, విండోస్ ఫోల్డర్ లోపల ఉండే ఫాంట్స్ ఫోల్డర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఫోల్డర్, ఫోటోలు, లోగోలు అన్నీ. పేజ్‌మేకర్ ఫోటోని ఎప్పుడూ ఫైల్ లోపలే దాచుకోదు, చాలాసార్లు ఫలానా ఫోల్డర్లో ఉంది అని గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది, అందుకే ఫైల్ ఒక్కటి తెచ్చుకుంటే ప్రింటు తీసేటప్పుడు ఫోటో రాదు.

ఇప్పుడు పేజ్‌మేకర్ ఎందుకు ఎక్కడం లేదో చూద్దాం. బిట్ల లెక్క అంటే ప్రాసెసర్ ఒక్కసారికి పట్టుకునే అంకె సైజు, విండోస్ 11లో 32 బిట్ రకం లేనే లేదు, వచ్చేది 64 బిట్ ఒక్కటే. 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రోగ్రాములని నడుపుతుంది గానీ 16 బిట్ వాటిని ముట్టుకోదు. 1990ల్లో వచ్చిన సీడీల్లో అసలు ప్రోగ్రాము 32 బిట్ అయినా దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్‌ది ఉండేది చాలా వాటికి, దాంతో గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది, దాని తర్వాత అడోబీ వాళ్ళు మొత్తం తమ కొత్త పేజీల సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్ మీదికే పోయినారు. అంటే మీ సాఫ్ట్‌వేరు తయారైనప్పటికి ఎక్స్‌పీనే కొత్త, ఇప్పటి విండోస్‌ని ఊహించి ఎవరూ రాయలేదు. అయినా ఒకసారి సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనేదాంట్లో విండోస్ ఎక్స్‌పీ పెట్టి చూడండి, పనైపోతే మిగతాదంతా అక్కర్లేదు. కొందరికి ఎక్కుతుంది గానీ తర్వాత తెలుగు టైపింగ్ దగ్గర చిక్కు వస్తుంది, కీబోర్డులో కొట్టిన అక్షరాన్ని మధ్యలో పట్టుకొని తెలుగు ముక్కగా మార్చే ప్రోగ్రాములు కొత్త విండోస్‌లో సరిగ్గా పట్టుకోలేక ఒత్తులు గుణింతాలు చెదిరిపోతాయి. రోజువారీ పనికి అట్లాంటిది నమ్ముకోవద్దు.

వర్చువల్ మెషిన్ అంటే, పెద్ద ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చినట్టు. ఇల్లు మీ విండోస్ 11ది, అందులో కొంత ర్యామ్, కొంత డిస్కు విడదీసి ఒక పోర్షన్ కడతాం, అందులో ఎక్స్‌పీ కాపురం ఉంటుంది, దానికి తనది సొంత ఇల్లే అనుకుంటుంది, బయట ఇంకో విండోస్ ఉన్న సంగతే తెలీదు. మీకు కనిపించేది ఒక కిటికీ, అందులో పాత ఎక్స్‌పీ డెస్క్‌టాప్. దాని హార్డ్‌డిస్క్ అంతా మీ సిస్టంలో ఒక పెద్ద ఫైల్, అంతే. ఆ ఫైల్ కాపీ చేసుకుంటే మొత్తం సిస్టం కాపీ అయినట్టే, రేపు ఈ కంప్యూటర్ కూడా పోతే ఇంకోదాంట్లో ఆ ఫైల్ పెట్టుకొని మళ్ళా పని మొదలుపెట్టొచ్చు. మదర్‌బోర్డు పోయి పని ఆగిపోయిన మీలాంటి వాళ్ళకి నా లెక్కలో దీనికన్నా పెద్ద లాభం లేదు.

ప్రాసెసర్ ఇందుకు ఒప్పుకోవాల, ఇంటెల్ వాళ్ళు 2005లో, ఏఎండీ వాళ్ళు 2006లో ఈ సదుపాయం ప్రాసెసర్లలోనే పెట్టడం మొదలుపెట్టినారు, విండోస్ 11 ఎక్కే ఏ సిస్టంలో అయినా ఉంటుంది. కాకపోతే ఆఫ్ చేసి ఉండొచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉండాల. డిసేబుల్డ్ అని ఉంటే సిస్టం రీస్టార్ట్ చేసి బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి పోయి ఆన్ చెయ్యాల, ఇంటెల్ అయితే ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది.

ఇంక ఏ సాఫ్ట్‌వేరు వాడాల. విండోస్ 7 ప్రొఫెషనల్ రోజుల్లో మైక్రోసాఫ్టే ఎక్స్‌పీ మోడ్ అని లైసెన్సుతో సహా ఊరికే ఇచ్చింది, ఆ తర్వాత తీసేసింది. విండోస్ ప్రో వెర్షన్లో మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషిన్ ప్రోగ్రాము హైపర్ వీ ఉంటుంది, హోమ్ వెర్షన్లో ఉండదు, పైగా ఎక్స్‌పీ లాంటి పాతదానికి, యూఎస్‌బీ వస్తువులు తగిలించుకునే పనికి అది అంత అనువుగా ఉండదు. నేను చెప్పేది వర్చువల్‌బాక్స్. జర్మనీలో ఇన్నోటెక్ అనే కంపెనీ చేసింది, 2008లో సన్ అనే కంపెనీ కొనుక్కుంది, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వచ్చింది. అసలు ప్రోగ్రాము ఓపెన్ సోర్స్, ఊరికే వాడుకోవచ్చు, షాపులో కూడా. దాంతో పాటు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని ఒకటి కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు, అది సొంత వాడకానికి, చదువుకి మాత్రమే ఫ్రీ, వ్యాపారానికి డబ్బు కట్టాల. ముందు యూఎస్‌బీ 2.0 కోసం అది తప్పనిసరిగా ఉండేది, 7.0 వెర్షన్ నుంచి ఆ సదుపాయం అసలు ప్రోగ్రాములోకే వచ్చేసింది కాబట్టి మీకు దాని అవసరం లేదు. ఇంకోటి వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో, ఒకప్పుడు కొనాల్సి వచ్చేది, 2024 నవంబర్ నుంచి వ్యాపారానికి కూడా ఫ్రీ చేసినారు. అది కూడా మంచిదే, రెండిట్లో ఏదో ఒకటే వేసుకోండి.

వేసుకునేటప్పుడు ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు, ఒక ప్రాసెసర్ ఇస్తే చాలు, కొత్త సిస్టంలో 16 జీబీ ఉంది కదా అని దానికి 8 ఇస్తే ఏం లాభం లేదు, 32 బిట్ ఎక్స్‌పీ 4 జీబీకి మించి వాడుకోలేదు. డిస్కు కంట్రోలర్ ఐడీఈ అని పెట్టండి, సాటా పెడితే ఎక్స్‌పీకి డ్రైవరు ఉండదు, నీలం తెర పడి చివర 7బీ అనే కోడు చూపించి ఆగిపోతుంది, ఇక్కడే చాలామంది ఇది పనికిరాదు అనుకొని వదిలేస్తారు. యూఎస్‌బీ 2.0 అని పెట్టండి, 3.0 ఎక్స్‌పీకి తెలీదు. ఎక్స్‌పీ ఎక్కినాక వర్చువల్‌బాక్స్ మెనూలో ఉండే గెస్ట్ అడిషన్స్ తప్పకుండా ఎక్కించండి, అప్పుడే స్క్రీన్ పెద్దదవుతుంది, మౌస్ లోపలికి బయటికి సాఫీగా పోతుంది, ముఖ్యంగా షేర్డ్ ఫోల్డర్ వస్తుంది, ఇటువైపు పెట్టిన ఫైల్ అటువైపు కనిపిస్తుంది.

ఎక్స్‌పీ సీడీ, కీ మీ దగ్గర ఉన్నవే వాడండి. పాత సిస్టం క్యాబినెట్ మీద స్టిక్కర్ ఉండే ఓఈఎం, అంటే సిస్టంతో పాటే వచ్చిన లైసెన్సు రూలు ప్రకారం ఆ మెషిన్‌కే చెల్లుతుంది, డబ్బా ప్యాక్ కొన్నదైతే వేరేదానికి మార్చుకోవచ్చు. నెట్‌లో ముందే యాక్టివేట్ చేసిన ఎక్స్‌పీ అని దొరికేవి మాత్రం వద్దే వద్దు, అందులో ఎవరు ఏం కలిపి పెట్టినారో మనకి తెలీదు, మీ కస్టమర్ల పేర్లు అడ్రసులు ఫోన్ నంబర్లు అన్నీ ఆ సిస్టంలోనే ఉంటాయి.

అదే కారణంతో ఇంకో గట్టి మాట, వర్చువల్ మెషిన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ తీసేయండి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే సపోర్టు అయిపోయింది. 2017 మే నెలలో ఫైళ్ళకి తాళమేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడినాయి, అది వ్యాపించిందే పాత విండోస్‌లో ఫైల్ షేరింగ్ లొసుగు పట్టుకొని. పేజ్‌మేకర్‌కి ఇంటర్నెట్‌తో పనేముంది? వాట్సాప్‌లో కస్టమర్ పంపిన ఫోటో విండోస్ 11 వైపు దించుకొని, షేర్డ్ ఫోల్డర్లో పడేసి, ఎక్స్‌పీలో తీసుకోండి. షేర్డ్ ఫోల్డర్ కూడా మొత్తం డీ డ్రైవ్ ఇచ్చెయ్యకుండా ఈ పనికి ఒక ఫోల్డర్ విడిగా పెట్టి అదొక్కటే ఇవ్వండి.

మీ తెలుగు సాఫ్ట్‌వేరుకి డాంగిల్, అంటే గుచ్చితేనే ప్రోగ్రాము నడిచే చిన్న లాక్ ముక్క ఉందా? యూఎస్‌బీ డాంగిల్ అయితే సెట్టింగుల్లో యూఎస్‌బీ ఫిల్టర్‌గా చేర్చుకోండి, గుచ్చగానే నేరుగా ఎక్స్‌పీకే పోతుంది. వెనక ప్రింటర్ పోర్టుకి పెట్టే పాత రకం లాక్ అయితే కష్టం, యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుళ్ళు ప్రింటర్లకి పనిచేస్తాయి గానీ లాకులకి పనిచెయ్యవు, అమ్మిన కంపెనీ వాళ్ళని అడిగి యూఎస్‌బీది మార్చుకోవాల్సిందే.

ప్రింటు విషయానికి వస్తే, ఎక్స్‌పీలోంచి నేరుగా కొత్త ప్రింటర్‌కి కొట్టాలని తంటాలు పడొద్దు, కొత్త ప్రింటర్లకి ఎక్స్‌పీ డ్రైవర్లే రావు. ఎక్స్‌పీలో యాడ్ ప్రింటర్ అని, పోర్టు దగ్గర ఫైల్ అని పెట్టి, లిస్టులో ఏదో ఒక కలర్ పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ ఎంచుకోండి. పోస్ట్‌స్క్రిప్ట్ అంటే పేజీ ఎట్లా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాష, పేజ్‌మేకర్ పుట్టిందే దాంతో. ఆ ఫైల్ షేర్డ్ ఫోల్డర్లో పడితే విండోస్ 11 వైపు గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఫ్రీ ప్రోగ్రాము దాన్ని పీడీఎఫ్ చేస్తుంది, ఫాంట్లు లోపలే కలిసిపోతాయి, ఇంక ఏ సిస్టంలో తెరిచినా అక్షరం చెదరదు. ప్లేట్ మేకింగ్‌కి పంపాలన్నా అదే పీడీఎఫ్.

ఇదంతా చేసినాక ఒక మాట మనసు విప్పి చెప్తా అన్నా. వర్చువల్ మెషిన్‌తో మీకు టైము దొరుకుతుంది, ఆ టైములో మీ పాత ఫైళ్ళని బయటికి తెచ్చుకోవాల. పేజ్‌మేకర్ ఫైల్ని పేజ్‌మేకర్ తప్ప తెరిచేవి చాలా తక్కువ, ఇన్‌డిజైన్‌లో కూడా సీఎస్6 వరకే తెరిచేది, తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో ఆ దారి మూసేసినారు. అను లాంటి ఫాంట్లలో కొట్టింది మనకి చూడ్డానికి తెలుగు గానీ కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లీషు అక్షరాల వరసే, ఆ ఫాంటు లేకపోతే అర్థం లేని గీతలు. అన్ని భాషల అక్షరాలకీ వేరు వేరు నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకి 1991 నుంచే చోటుంది, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతున్నాయి, మార్చినాక ఒత్తులు ఒకసారి చూసుకోవాల్సి వస్తుంది అంతే. మళ్ళా మళ్ళా వాడే మ్యాటర్, అంటే శుభలేఖ వాక్యాలు, శ్లోకాలు, గోత్రాల లిస్టులు, ముందు అవి మార్చుకోండి. మిగతా పాత పనులు కనీసం పీడీఎఫ్ చేసి సంవత్సరం వారీగా పెట్టుకోండి. రోజూ ఖాళీ ఉన్నప్పుడు కొన్ని చేసుకుంటా పోతే అయిపోతుంది. కొత్త పనులు మాత్రం నిదానంగా యూనికోడ్‌లో మొదలుపెట్టండి, మీ దగ్గర పనిచేసే పిల్లోళ్ళకి కూడా అది ముందు ముందు పనికొచ్చే విద్య.

ప్రశ్న: మాది ఆదోని. పత్తి కమీషన్ వ్యాపారం. మా నాయన కాలంలో ఒకాయన ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన డాస్ ప్రోగ్రాములోనే ఇప్పటికీ రైతుల ఖాతాలు, తూకాలు, హమాలీ, కమీషన్ అన్నీ వేసుకుంటా ఉన్నాం. రాసినాయన ఇప్పుడు లేడు. మా గుమాస్తాకి అది తప్ప వేరేది రాదు. కొత్త ల్యాప్‌టాప్‌లో నల్ల స్క్రీన్ కూడా రావడం లేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కూడా కావాల.
కమీషన్ వ్యాపారి, ఆదోని

జవాబు: డాస్ అంటే విండోస్‌కి ముందటి నల్ల స్క్రీన్ పద్ధతి, దాని ప్రోగ్రాము అంటే 16 బిట్, అందుకే విండోస్ 11 దాన్ని పలకరించదు. నెట్‌లో వెతికితే అందరూ డాస్‌బాక్స్ వేసుకోమంటారు, అది మంచిదే గానీ ఆటల కోసం చేసింది, ప్రింటింగ్ సదుపాయం మామూలు డాస్‌బాక్స్‌లో లేదు. లెక్కల పుస్తకం లాంటి పనికి నేను దాన్ని చెప్పను. వ్యాపార ప్రోగ్రాముల కోసమే చేసిన వీడాస్ అనేది ఉంది, ప్రింటు కూడా తీస్తుంది, ముందు దాంట్లో చూడండి. మీ ప్రోగ్రాముకి అది సరిపోకపోతే పైన కర్నూలాయనకి చెప్పినట్టే 32 బిట్ ఎక్స్‌పీ వర్చువల్ మెషిన్ వేసుకోండి, 32 బిట్ విండోస్ లోపల డాస్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు ఉంటుంది.

ప్రింటర్‌కి యూఎస్‌బీ పోర్టు ఉంటే దాన్ని ఎక్స్‌పీకి తగిలించి, ఎక్స్‌పీ డ్రైవరు వేసి, ఎక్స్‌పీలోనే షేర్ చేసి, నెట్ యూజ్ అనే కమాండుతో పాత ప్రింటర్ పోర్టు ఎల్‌పీటీ1ని ఆ షేర్‌కి కలపాల. అప్పుడు ప్రోగ్రాము పాత పోర్టుకే కొడుతున్నా అనుకుంటుంది, కాగితం యూఎస్‌బీ ప్రింటర్లోంచి వస్తుంది. ఇందుకు నెట్‌వర్క్ కార్డు ఒకటి ఉండాల, హోస్ట్ ఓన్లీ అనే రకం పెట్టండి, అది ఇంటర్నెట్‌కి పోదు. ఇది కొంచెం తెలిసిన వాళ్ళతో ఒకసారి చేయించుకుంటే మళ్ళా ముట్టుకోనక్కర్లేదు. ఇంకో సంగతి, డాస్ ప్రోగ్రాములు ఏ కీ నొక్కుతారా అని ఊరికే తిరుగుతానే ఉంటాయి, ప్రాసెసర్ మొత్తం తినేసి ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద పెడుతుంది. ప్రోగ్రాము షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఐడిల్ సెన్సిటివిటీ అని ఒక గీత ఉంటుంది, దాన్ని కుడివైపుకి జరిపితే తగ్గుతుంది.

మీ విషయంలో నాకు ఊరటగా అనిపించింది ఒకటుంది. ఫాక్స్‌ప్రో డేటా డీబీఎఫ్ అనే ఫైళ్ళలో ఉంటుంది, ఆ పద్ధతి 1980ల నాటిది, ఇప్పటికీ లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో తెరుచుకుంటుంది. ఫోల్డర్ మొత్తం వేరే చోటికి కాపీ చేసుకొని, ఆ కాపీలో మాత్రమే తెరిచి చూడండి, ఖాతాలు, పేర్లు, బాకీలు వరసగా కనిపిస్తాయి. అసలు ఫైల్ తెరిచి సేవ్ కొడితే ఇండెక్స్ తేడా వచ్చి ప్రోగ్రాము మొరాయిస్తుంది, జాగ్రత్త. రైతు బాకీ లెక్క మీ దగ్గర ఎంత నమ్మకంగా ఉండాలో నేను చెప్పక్కర్లేదు, రాసినాయన లేనప్పుడు ఆ లెక్క ఒక్క ప్రోగ్రాము లోపలే ఇరుక్కొని ఉండడం మంచిది కాదు. సీజన్ లేని నెలల్లో కొత్త ప్రోగ్రాము రాయించుకోవాలనుకుంటే ఆ డీబీఎఫ్ ఫైళ్ళు ఇస్తే చాలు, రాసేవాళ్ళకి సగం సంగతి అందులోనే తెలుస్తుంది. గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకొని రాయించండి, ప్రోగ్రాములో లేని లెక్కలు ఆయన తలలో ఉంటాయి.

ప్రశ్న: అన్నా, అనంతపురంలో ఇంజనీరింగ్ ఫస్టియర్. ల్యాబులో ప్రోగ్రాములు రాయడానికి పాత టర్బో సీ ప్లస్ ప్లస్. నా ల్యాప్‌టాప్‌లో పెడితే ఈ యాప్ మీ పీసీలో నడవదు అని వస్తుంది. వర్చువల్‌బాక్స్ వెయ్యాలా?
విద్యార్థి, అనంతపురం

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ, నీకు డాస్‌బాక్స్ చాలు. 2002 నుంచి ఉంది, ఫ్రీ. వర్చువల్‌బాక్స్ నీ ప్రాసెసర్‌నే వాడుకుంటుంది, డాస్‌బాక్స్ అయితే పాత ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేరులో నటించి చూపిస్తుంది, దీన్ని ఎమ్యులేషన్ అంటారు, బయాస్‌లో ఏదీ ఆన్ చెయ్యక్కర్లేదు. టర్బో ఫోల్డర్‌ని మౌంట్ కమాండుతో సీ డ్రైవ్‌గా చూపించి అందులోకి పోయి టీసీ కొట్టు. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఫుల్ స్క్రీన్, మౌస్ లోపల ఇరుక్కుంటే కంట్రోల్, ఎఫ్10. నెమ్మదిగా ఉంటే కంట్రోల్, ఎఫ్12.

పరీక్షకి అది వాడు, కానీ నేర్చుకోవడం జీసీసీ అనే ఫ్రీ కంపైలర్‌లో నేర్చుకో. ఎందుకో ఒక ప్రోగ్రాముతోనే చూడు. పూర్ణాంకాలకి వాడే ఇంట్ పెట్టి 8 ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి 8 దాకా గుణకారం రాస్తే టర్బోలో మైనస్ 25216 వస్తుంది, జీసీసీలో 40320 వస్తుంది. టర్బో 16 బిట్‌ది కాబట్టి ఇంట్ 2 బైట్లు, 32767 దాటితే తిరగబడుతుంది, జీసీసీలో 4 బైట్లు. అట్లని జీసీసీకి హద్దు లేదనుకోవద్దు, 13 ఫ్యాక్టోరియల్ పెట్టు, అక్కడ అది కూడా తప్పు చెప్తుంది. రెండిట్లో నడిపి చూస్తే మెమరీ అంటే ఏందో పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది. క్లియర్ స్క్రీన్, గెట్ సీహెచ్, పాత పద్ధతి హెడర్ ఫైళ్ళు ఇవన్నీ టర్బో అలవాట్లు, సీ ప్లస్ ప్లస్‌కి ప్రమాణం 1998లో వచ్చింది, నీ కంపైలర్ అంతకంటే పాతది. రేపు ఇంటర్వ్యూలో ఎవరూ టర్బో అడగరు. మీ సారుకి నీ జీసీసీ ప్రోగ్రాము చూపించి ల్యాబులో కూడా పెట్టించండి అని మర్యాదగా అడుగు, ఒకరిద్దరు అడిగితేనే మారుతుంది.

ప్రశ్న: కడపలో మాది చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్. బ్లడ్ అనలైజర్ నుంచి రిపోర్టులు వెనక తొమ్మిది పిన్నుల కేబుల్‌తో ఎక్స్‌పీ కంప్యూటర్లోకి వస్తాయి. ఆ కంప్యూటర్ ఈ మధ్య మాటిమాటికీ ఆగిపోతోంది. మెషిన్ బాగుంది, కొత్తది కొనే స్తోమత లేదు. వర్చువల్ మెషిన్ పనిచేస్తుందా?
ల్యాబ్ నిర్వాహకురాలు, కడప

జవాబు: పనిచేస్తుందమ్మా, కాకపోతే ఇది పేషెంట్ల రిపోర్టు కాబట్టి తొందరపడొద్దు. ఆ తొమ్మిది పిన్నులది సీరియల్ పోర్టు. కొత్త సిస్టంకి అది లేకపోతే యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ కావాల, ఇక్కడ వంద రెండు వందలు మిగుల్చుకోవద్దు. చవక కన్వర్టర్లలో ఉండే పాత ప్రొలిఫిక్ చిప్పులకి విండోస్ 11 డ్రైవరు ఒప్పుకోదు, ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్నది అడిగి తీసుకోండి. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో సీరియల్ పోర్ట్స్ అనే చోట కామ్ 1 ఆన్ చేసి, హోస్ట్ డివైస్ అని పెట్టి, విండోస్ 11లో కన్వర్టర్‌కి వచ్చిన కామ్ నంబరు రాయాల. పాత సిస్టంలో స్పీడు, ప్యారిటీ, స్టాప్ బిట్లు ఎట్లా ఉన్నాయో స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకొని అవే ఇక్కడా పెట్టండి. అనలైజర్ కోసం కంప్యూటర్ లోపల విడిగా కార్డు గుచ్చి ఉంటే, అంటే కేబుల్ ఆ పీసీఐ కార్డుకి పోతుంటే, ఈ దారి పనికిరాదు, మామూలు వర్చువల్ మెషిన్ అట్లాంటి కార్డుని వాడుకోలేదు.

కొన్నాళ్ళు పాతదీ కొత్తదీ రెండూ ఉంచి, అనలైజర్ స్క్రీన్ మీద వచ్చిన విలువ, రిపోర్టులో వచ్చిన విలువ, పేషెంట్ నంబరు మూడూ సరిపోతున్నాయా అని చూసుకోండి. సర్వీసు ఇంజనీరుకి చెప్పి చెయ్యండి. విండోస్ 11లో స్లీప్ తీసేయండి, అప్‌డేట్లకి రీస్టార్ట్ టైము ల్యాబ్ మూసినాక పెట్టుకోండి, లేదంటే రిపోర్టు మధ్యలో పోతుంది.

ఇంకో దారి కూడా చెప్తా, నేనైతే మొదట ఇదే చూస్తా. మాటిమాటికీ ఆగిపోవడం చాలాసార్లు లోపల కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా వల్ల, దుమ్ము వల్ల, లేదా డిస్కు అరిగి. పాత డిస్కుని ఉన్నదున్నట్టు క్లోన్ చేసి ఎస్‌ఎస్‌డీకి మార్చి, ఎస్‌ఎంపీఎస్ కొత్తది వేసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ మార్చితే అదే కంప్యూటర్ ఇంకొన్నేళ్ళు లాగుతుంది. క్లోన్ చేసిన ఫైల్ ఒకటి పక్కన పెట్టుకుంటే వర్చువల్ మెషిన్‌కి కూడా అదే పునాది అవుతుంది. ఈ లోపల ఆ సిస్టంకి నెట్ వైరు పీకేయండి, ఈ రోజే.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బట్టల షాపు. జీఎస్టీ రాకముందు లెక్కలు ట్యాలీ 7.2లో ఉన్నాయి. ఎప్పుడన్నా చూడాల్సి వస్తుంది. పాత సిస్టం పారెయ్యొచ్చా?
వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న. జీఎస్టీ చట్టంలో లెక్కల పుస్తకాలు ఉంచాల్సింది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. మీవి అంతకంటే పాతవి, అయినా కేసు, అప్పీలు ఏదన్నా నడుస్తుంటే ఆ సంవత్సరాలవి ఉంచాల్సిందే, మీ ఆడిటర్‌ని అడిగి నిర్ణయించుకోండి. ఉత్త చూడడానికే అయితే వర్చువల్ మెషిన్ కూడా ఎక్కువ. పాత సిస్టం నడుస్తుండగానే ఏడాదికొకటి చొప్పున లెడ్జర్లు, డే బుక్, ట్రయల్ బ్యాలెన్స్, బ్యాలెన్స్ షీట్ ఎక్సెల్‌లోకో పీడీఎఫ్‌లోకో తీసుకోండి. డేటా ఫోల్డర్ కూడా రెండు చోట్ల కాపీ. ఆ రెండు కాపీలూ తెరిచి చూసినాకే సిస్టం అమ్మండి, అమ్మేటప్పుడు హార్డ్‌డిస్క్ మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎం1 మ్యాక్‌బుక్ వాడుతుంది. అందులో ఎక్స్‌పీ పెట్టుకోవచ్చా?
ఉపాధ్యాయుడు, గుంతకల్లు

జవాబు: 2020లో వచ్చిన ఎం1 నుంచి మ్యాక్‌లది ఆర్మ్ జాతి ప్రాసెసర్, ఎక్స్‌పీ ఇంటెల్ జాతికి రాసింది. వర్చువలైజేషన్‌కి రెండూ ఒకే జాతి కావాల. కాబట్టి ఎమ్యులేషనే దారి, యూటీఎం అనే ఫ్రీ యాప్ ఆ పని చేస్తుంది, నెమ్మదిగా నడుస్తుంది. చిన్న పాత ప్రోగ్రాములకి ఓర్చుకోవచ్చు, పేజ్‌మేకర్ లాంటి రోజువారీ పనికి మాత్రం ఒక పాత ఇంటెల్ ల్యాప్‌టాప్ చూసుకోండి.

ప్రశ్న: వర్చువల్‌బాక్స్ వేసినా, ఎక్స్‌పీ చాలా స్లో. కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోంది.
పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ఆ తాబేలు చెప్పేది అదే, విండోస్ తన హైపర్ వీని ముందే పట్టుకొని కూర్చుంది, వర్చువల్‌బాక్స్ దాని కింద నుంచి నడవాల్సి వస్తోంది అని. విండోస్ ఫీచర్స్‌లో హైపర్ వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసి రీస్టార్ట్ చెయ్యండి. అప్పటికీ పోకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటుంది, దాని వల్ల కూడా తాబేలు వస్తుంది. అది రక్షణ కోసం పెట్టింది, బ్యాంకు పనులు అదే సిస్టంలో చేస్తుంటే ఆఫ్ చెయ్యొద్దు, కొంచెం స్లో అయినా ఓర్చుకోండి.